అడూర్ గోపాలకృష్ణన్ జీవితం, సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓటీటీలు వచ్చాక మనవాళ్లు మలయాళ సినిమాలు తెగ చూస్తున్నారు. కొత్త దర్శకుల పేర్లు కూడా గడగడా చెప్పేస్తున్నారు. పాతతరం మలయాళ దర్శకుడు అడూర్ పేరెత్తితే మాత్రం "ఆయనా, అవార్డు సినిమాల ఆయన కదా" అని వెనకడుగు వేస్తారు. ఆ బెరుకు అక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఇన్నేళ్లుగా స్నేహితులు, చుట్టాలు నన్ను అడిగిన ప్రశ్నలే కింద ఉన్నాయి.

అడూర్ ఆయన ఇంటిపేరా?

కాదు, ఊరి పేరు. కేరళలోని పత్తనంతిట్ట జిల్లాలో ఉన్న పట్టణం. అక్కడి రచయితలు, కళాకారులు చాలామంది ఊరి పేరును పేరుకు ముందు పెట్టుకుంటారు. వైకం ముహమ్మద్ బషీర్, తకళి శివశంకర పిళ్లై కూడా అలా వచ్చిన పేర్లే. ఈయన పూర్తి పేరు మౌట్టత్తు గోపాలకృష్ణన్ ఉణ్ణిత్తాన్. అడూర్ దగ్గరి పల్లెలో 1941 జులై 3న పుట్టారు. భూములున్న పాతకాలపు కుటుంబం. ఇంట్లో కథకళి అంటే ప్రాణం, కళాకారులను ఆదరించిన వంశం. ఎనిమిదేళ్ల వయసుకే నాటకంలో వేషం కట్టారు.

సినిమా మీద ఇష్టంతోనే పుణె వెళ్లారా?

చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి ఆయన వెళ్లింది నాటకం కోసం. తమిళనాడులో దిండిగల్ దగ్గరున్న గాంధీగ్రామ్ గ్రామీణ విద్యాసంస్థలో అర్థశాస్త్రం, రాజనీతి, పరిపాలన చదివి 1961లో పట్టా తీసుకున్నారు. తర్వాత ప్రభుత్వ ఉద్యోగం కూడా చేశారు. అప్పటికే నాటకాలు రాసి, ఆడించి ఉన్నారు. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే రచన నేర్పుతారని తెలిసి, అది తన నాటక రచనకు పనికొస్తుందని 1962లో ఉద్యోగం వదిలేసి చేరారు. అక్కడికి వెళ్లాక దృష్టి పూర్తిగా మారిపోయింది. రోజూ ప్రపంచ సినిమా చూడటం, దాని మీద గంటల తరబడి చర్చలు. సినిమాను ఎలా చదవాలో సతీశ్ బహాదూర్ నేర్పారు, చివరి రోజుల్లో బెంగాలీ దర్శకుడు రిత్విక్ ఘటక్ వైస్ ప్రిన్సిపాల్‌గా వచ్చి పాఠాలు చెప్పారు. 1965లో చదువు ముగించి తిరువనంతపురం చేరుకున్నారు.

వెంటనే సినిమా తీసేశారా?

లేదు. ముందు ప్రేక్షకులను తయారు చేసే పని పెట్టుకున్నారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. 1965లోనే మిత్రుడు కుళత్తూర్ భాస్కరన్ నాయర్‌తో, మరికొందరితో కలిసి చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టారు. మంచి సినిమా తీస్తే సరిపోదు, దాన్ని చూసేవాళ్లు ఉండాలి, చూపించే చోటు ఉండాలి, తీయడానికి సొంత వసతి ఉండాలి అన్నది వాళ్ల ఆలోచన. అందుకే సొసైటీతో ఆగకుండా సహకార సంఘం కూడా పెట్టారు. పాల సంఘం, చేనేత సంఘం మనకు తెలుసు. సినిమా నిర్మాణానికి సహకార సంఘం అంటే ఆ రోజుల్లో వింతే. కేరళ అంతటా ఊరూరా ఫిల్మ్ సొసైటీలు పుట్టడానికి ఈ చిత్రలేఖ ఒక పెద్ద కారణం. తిరువనంతపురంలో ఏటా డిసెంబర్‌లో జరిగే అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆటోడ్రైవర్లు, కాలేజీ పిల్లలు క్యూలో నిలబడి విదేశీ సినిమాలు చూస్తారని విని ఆశ్చర్యపోతాం కదా. ఆ అలవాటుకు విత్తనం 1960ల్లోనే పడింది.

పుణె నుంచి వచ్చిన ఏడేళ్లకు, 1972లో, మొదటి సినిమా పూర్తయింది.

ఆ మొదటి సినిమాకూ మన తెనాలికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజం. ఆ సినిమా 'స్వయంవరం'. అందులో కథానాయిక సీత పాత్ర వేసింది మన శారద గారు. తెనాలి అమ్మాయి, అసలు పేరు సరస్వతీదేవి. అప్పటికే మలయాళంలో పెద్ద నటి. 1968లో వచ్చిన 'తులాభారం'తో జాతీయ ఉత్తమ నటి అయ్యారు. అదే కథ తెలుగులో 'మనుషులు మారాలి'గా వస్తే మన ఊళ్లలో ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ థియేటర్ నుంచి బయటికి వచ్చారని మా అమ్మ తరం వాళ్లు చెప్పేవారు.

'స్వయంవరం'లో పెద్దల మాట కాదని పెళ్లి చేసుకున్న జంట కొత్త నగరానికి వస్తుంది. విశ్వం పాత్రలో మధు నటించారు. అతను రచయిత కావాలనుకుంటాడు, కుదరదు. ట్యుటోరియల్ కాలేజీలో ఉద్యోగం, అది పోయాక కలప మిల్లులో గుమాస్తా పని. అదీ ఇంకొకరిని తీసేస్తే వచ్చిన ఉద్యోగం. ఆ తీసేసిన మనిషి ఎదురుపడినప్పుడు విశ్వం తల ఎత్తలేకపోతాడు. అద్దె ఇల్లు మారిన కొద్దీ చిన్నదవుతుంది, చుట్టుపక్కల వాతావరణం మారిపోతుంది. బిడ్డ పుడుతుంది, విశ్వం చనిపోతాడు. చివరికి చంటిబిడ్డతో సీత ఒక్కతే ఆ ఇంట్లో, గడియ పెట్టిన తలుపు వైపు చూస్తూ ఉంటుంది. పుట్టింటికి వెళ్తుందా, మరో దారి చూసుకుంటుందా, సినిమా చెప్పదు. ఇక ముందు తనకు తానే నిర్ణయించుకోవాలి, అసలు స్వయంవరం అప్పుడే మొదలవుతుంది.

ఈ సినిమాకు జాతీయ స్థాయిలో నాలుగు అవార్డులు వచ్చాయి: ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి, ఉత్తమ ఛాయాగ్రహణం. ఛాయాగ్రాహకుడు మంకడ రవివర్మ ఆ తర్వాత మూడు దశాబ్దాలు అడూర్‌కు కెమెరా కన్నుగా ఉన్నారు. శారద గారికి ఇది రెండో ఊర్వశి, అంటే జాతీయ ఉత్తమ నటి అవార్డు. మూడోది తెలుగు 'నిమజ్జనం'కి వచ్చింది. మొదట్లో థియేటర్లలో నిలబడని 'స్వయంవరం' అవార్డుల తర్వాత మళ్లీ విడుదలై జనాన్ని రప్పించుకుంది.

ఆయన సినిమాలు అంత నెమ్మదిగా ఎందుకు ఉంటాయి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మన సినిమాలో సన్నివేశం కథను ముందుకు తోయాలి. ఒక మనిషి నీళ్లు తోడుతున్నాడంటే తర్వాత బావిలో ఏదో దొరకాలి. అడూర్ సినిమాలో నీళ్లు తోడటమే సన్నివేశం. ఎవరు తోడుతున్నారు, ఎవరి కోసం, ఎవరు కూర్చుని చూస్తున్నారు అన్నదాంట్లోనే కథ ఉంటుంది.

'ఎలిప్పత్తాయం' చూడండి. 1981లో తీశారు, ఆయన మొదటి రంగుల సినిమా. ఎలి అంటే మన ఎలుకే, పేరుకు అర్థం ఎలుకల బోను. పాతబడిన నాయర్ల పెద్దిల్లు. ఇంటి మగదిక్కు ఉణ్ణి, పెళ్లి కాలేదు, ఏ పనీ చేయడు. మీసం చూసుకుంటాడు, పేపర్ చదువుతాడు. స్నానానికి వేడినీళ్లు, వేళకు భోజనం, అన్నీ చెల్లెలు రాజమ్మ అందించాలి. ఒక రోజు ఆవు వాకిట్లోకి వస్తుంది. లేచి అదిలిస్తే పోతుంది. ఉణ్ణి లేవడు, కూర్చున్న చోటు నుంచే "రాజమ్మా" అని కేకేస్తాడు. ఇంకో రోజు పెళ్లికి వెళ్దామని తెల్లటి ముండు (పంచె) కట్టుకుని బయల్దేరతాడు. దారిలో నీటి మడుగు అడ్డొస్తుంది. బట్టలకు బురద అంటుతుందేమోనని అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, చివరికి వెనక్కి తిరిగి ఇంటికొచ్చేస్తాడు. ఈ రెండు సన్నివేశాల్లో మాటలు దాదాపు లేవు. కానీ ఆ మనిషి పూర్తిగా అర్థమైపోతాడు. ఇవే గబగబా చూపిస్తే నవ్వొచ్చేది. ఆ నిడివి వల్ల గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే అలాంటి అన్నయ్యను, బాబాయిని మనం మన ఇళ్లలోనే చూశాం.

ఆ రాజమ్మగా చేసింది కూడా శారద గారే. మేకప్ లేదు, ఏడుపు సీన్లు లేవు. పొద్దున్న నుంచి రాత్రి వరకు పని, మధ్యలో కడుపు పట్టుకుని కాసేపు ఆగడం, మళ్లీ పని. ఈ పాత్రను ఆమె తెలుగులో చేసిన పెద్ద పాత్రల పక్కన పెట్టి చూస్తే, నా దృష్టిలో ఇదే ఆమె శిఖరం. చిన్న చెల్లెలు శ్రీదేవి బోనులో పడ్డ ఎలుకను చెరువుకి తీసుకెళ్లి ముంచుతుంది. సినిమాలో ఇది మూడుసార్లు జరుగుతుంది. ఒక్కో ఎలుక తర్వాత ఇంట్లోంచి ఒక్కో ఆడమనిషి వెళ్లిపోతుంది: ఒకరు వాటా అడిగి తెగతెంపులు చేసుకుని, ఒకరు ఎవరితోనో వెళ్లిపోయి, ఒకరు జబ్బుపడి. చివరికి ఉణ్ణి ఒక్కడే తలుపులు బిగించుకుని మిగులుతాడు. అతన్నీ ఎవరో రాత్రివేళ ఈడ్చుకెళ్లి అదే చెరువులో పడేస్తారు.

ఈ కథ వెనక కేరళ చరిత్ర ఉంది. నాయర్లలో ఆస్తి తల్లి వైపు నుంచి వచ్చేది, మేనమామ ఇంటి పెద్ద. 20వ శతాబ్దంలో వచ్చిన చట్టాలతో ఆ ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి, 1970ల భూసంస్కరణలతో కౌలు ఆదాయం ఆగిపోయింది. పని చేయడం ఎప్పుడూ నేర్చుకోని మగవాళ్లు ఆ పెద్ద ఇళ్లలో అలా మిగిలిపోయారు. అడూర్ కూడా అలాంటి ఇంట్లోంచి వచ్చినవారే. అందుకే ఉణ్ణిని ఎక్కడా వెక్కిరించరు.

విదేశాల్లో గుర్తింపు ఈ సినిమాతోనే వచ్చిందా?

అవును. 1982లో కాన్ చలనచిత్రోత్సవంలో 'అన్ సర్టెన్ రిగార్డ్' విభాగంలో ప్రదర్శించారు. అదే ఏడాది బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సదర్లాండ్ ట్రోఫీ ఇచ్చింది.

ఆయన సినిమాల్లో పాటలు ఉండవా? నేపథ్య సంగీతం కూడా ఉండదంటారు?

మనకు అలవాటైన పాటలు ఉండవు. 1977లో తీసిన 'కొడియేట్టం'లో అయితే నేపథ్య సంగీతమే లేదు. గుడి పండుగ మేళం, బాణసంచా, కప్పల అరుపు, లారీ ఇంజిన్, ఇవే ఆ సినిమాకు సంగీతం. 'స్వయంవరం' నుంచే ఆయనకు శబ్దం మీద పట్టుదల. అందరూ స్టూడియోలో కూర్చుని చప్పుళ్లు కలుపుతున్న కాలంలో ఆయన ఊళ్లలోకి వెళ్లి అసలు చప్పుళ్లు రికార్డు చేయించారు. హెడ్‌ఫోన్స్‌తో చూస్తే ఆ కష్టం తెలుస్తుంది.

కొడియేట్టం అంటే గుడిలో ఉత్సవం మొదట్లో జెండా ఎక్కించడం, మన ధ్వజారోహణం. శంకరన్‌కుట్టి అనే పెద్దయిన పసివాడి కథ. తిండి, పండుగలు, పిల్లలతో ఆటలు తప్ప ఇంకేమీ పట్టదు. రోడ్డు మీద వెళ్తుంటే ఒక లారీ దూసుకెళ్లి ఒళ్లంతా బురద చిమ్ముతుంది. ఇంకెవరైనా తిట్టిపోస్తారు. ఇతను మాత్రం బురద తుడుచుకోకుండా ఆ స్పీడుకి నోరు తెరుచుకుని చూస్తాడు. ఆ ఒక్క ముఖం కోసమైనా ఈ సినిమా చూడాలి. ఆ పాత్రతో గోపి జాతీయ ఉత్తమ నటుడయ్యారు, ఉత్తమ నటుడిని 'భరత్' అనేవారు కాబట్టి అక్కడి నుంచే భరత్ గోపి అన్న పేరు స్థిరపడింది.

మమ్ముట్టి ఆయనతో చేశారా?

మూడు సినిమాలు చేశారు: 'అనంతరం', 'మతిలుకళ్', 'విధేయన్'. మనకు మమ్ముట్టి అంటే 'స్వాతికిరణం' గుర్తొస్తుంది, ఈ తరానికి 'యాత్ర'. 'స్వాతికిరణం'లో అసూయతో కుమిలిపోయే ఆ గురువును ఇష్టపడ్డవాళ్లు 'విధేయన్' తప్పకుండా చూడాలి.

'మతిలుకళ్' అంటే గోడలు. వైకం ముహమ్మద్ బషీర్ తన జైలు జీవితం మీద రాసుకున్న చిన్న నవలకు తెర రూపం. మగవాళ్ల జైలుకీ ఆడవాళ్ల జైలుకీ మధ్య ఎత్తైన గోడ. అవతలి నుంచి నారాయణి మాట్లాడుతుంది, ఇవతల బషీర్. తాను గోడ దగ్గరికి వచ్చానని తెలియడానికి ఆమె ఒక ఎండు పుల్లను గాల్లోకి ఎగరేస్తుంది. గోడ మీదుగా ఆ పుల్ల పైకి లేచి పడటం తప్ప ఆమె ఆనవాలు మనకేమీ కనబడదు. ముఖం చూపించరు, కేపీఏసీ లలిత గొంతు మాత్రమే వినిపిస్తుంది. అయినా సినిమా అయ్యేసరికి నారాయణి మనకు బాగా తెలిసిన మనిషిలా ఉంటుంది.

'విధేయన్' దీనికి పూర్తిగా వ్యతిరేకం. పాల్ జకరియా నవలిక ఆధారం. దక్షిణ కర్ణాటకకు వలస వెళ్లిన తొమ్మి అనే పేదవాడు, అక్కడి దుర్మార్గుడైన భూస్వామి భాస్కర పట్టేలర్. తొమ్మి భార్యను పట్టేలర్ చెరుస్తాడు. కొన్నాళ్లకు తొమ్మి, ఆమె ఒంటి మీద దొర సెంటు వాసన తనకు ఇష్టమంటాడు. బానిసత్వం మనిషి లోపలికి ఎంత దూరం వెళ్తుందో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది. నాకైతే అక్కడ సినిమా ఆపి కాసేపు బయట తిరిగి రావాల్సి వచ్చింది. మన దొరల గడీల కథలు విన్నవాళ్లకు ఈ సినిమా పరాయిదిగా అనిపించదు.

మమ్ముట్టికి 1989 జాతీయ అవార్డు 'ఒరు వడక్కన్ వీరగాథ'తో పాటు 'మతిలుకళ్'కి, 1993 అవార్డు 'పొన్తన్ మాడ'తో పాటు 'విధేయన్'కి కలిపి ఇచ్చారు.

ఇలాంటి సినిమాలకు డబ్బు ఎవరు పెట్టారు?

మొదటి సినిమాకు ప్రభుత్వ సంస్థ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పు ఇచ్చింది, మిగతాది చిత్రలేఖ సమకూర్చుకుంది. తర్వాత కొల్లం జీడిపప్పు వ్యాపారి కె. రవీంద్రనాథన్ నాయర్ ముందుకొచ్చారు. జనరల్ పిక్చర్స్ రవి అంటారు. 'ఎలిప్పత్తాయం', 'ముఖాముఖం', 'అనంతరం', 'విధేయన్' ఆయన తీయించినవే. లాభం కోసం చూడకుండా, దర్శకుడి పనిలో వేలు పెట్టకుండా డబ్బు పెట్టిన నిర్మాత. ఇంకో గొప్ప దర్శకుడు అరవిందన్‌కు కూడా ఆయనే అండ. అరవిందన్ 'కాంచన సీత' మన ఆంధ్ర అడవుల్లోనే తీశారు, రామలక్ష్మణుల వేషాలు రామచెంచులు వేశారు. చెంచులు రాముడైన సినిమా ఒకటుందని మనలో ఎంతమందికి తెలుసు?

కమ్యూనిస్టులకు ఆయన మీద కోపం ఎందుకు వచ్చింది?

'ముఖాముఖం' వల్ల. కార్మిక నాయకుడు శ్రీధరన్ అజ్ఞాతంలోకి వెళ్లిపోతాడు. ఈలోగా పార్టీ చీలిపోతుంది. పదేళ్లకు తిరిగొస్తాడు, కానీ తాగడం, పడుకోవడం తప్ప ఏమీ చేయడు. అతని కోసం ఎదురుచూసినవాళ్లకు సిగ్గుగా ఉంటుంది. చివరికి అతను హత్యకు గురయ్యాక, బతికున్నప్పుడు భరించలేకపోయినవాళ్లే ఊరేగింపు తీస్తారు. 1984లో కేరళలో ఇది పెద్ద గొడవైంది. పార్టీని తిట్టిన సినిమాగా నాకు అనిపించలేదు. నాయకుడిని ఫొటోగా మార్చి గోడకు తగిలించే మన అలవాటు గురించి తీశారనిపించింది.

మొత్తం ఎన్ని సినిమాలు తీశారు?

1972 నుంచి 2016లో వచ్చిన 'పిన్నెయుం' వరకు 12 కథాచిత్రాలు. 44 ఏళ్లలో పన్నెండే. 'కథాపురుషన్' తర్వాత 'నిళల్‌కుత్తు' రావడానికి ఏడేళ్లు పట్టింది. ఒక ఆలోచన మనసులో పండేదాకా ఆగడం ఆయన పద్ధతి. మధ్యలో ఊరికే కూర్చోలేదు. కథకళి, కూడియాట్టం, యక్షగానం వంటి కళల మీద డాక్యుమెంటరీలు తీశారు. కళామండలం గోపి, కళామండలం రామన్‌కుట్టి నాయర్ల మీద తీసినవి ఆ కళలు నేర్చుకునేవాళ్లకు నిధులు.

అవార్డుల సంగతి?

ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డు ఐదుసార్లు. 'స్వయంవరం', 'కథాపురుషన్' రెండూ జాతీయ ఉత్తమ చిత్రాలు. 2004 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే, 2006లో పద్మవిభూషణ్.

నటులకు స్క్రిప్టు ఇవ్వరట కదా?

చేతికి ఇవ్వరు. ఆ సన్నివేశానికి ఏం కావాలో అక్కడికక్కడ చెప్పి చేయిస్తారు. పాత్రకు తర్వాత ఏమవుతుందో తెలిస్తే నటుడు ముందే ఆ బరువు మోస్తాడన్నది ఇందులోని కిటుకు. రేపు ఏం జరుగుతుందో మనకు తెలియనట్టే పాత్రకూ తెలియకూడదు.

ఈ మధ్య ఆయన మాటల మీద వివాదాలు వచ్చాయి. వాటి గురించి?

దాచాల్సిందేమీ లేదు. కొట్టాయం దగ్గరి కె.ఆర్. నారాయణన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు చైర్మన్‌గా ఉన్నప్పుడు, కుల వివక్ష ఉందంటూ విద్యార్థులు ఆందోళన చేశారు. ఆయన సంస్థ డైరెక్టర్ పక్షాన మాట్లాడారు, 2023 జనవరిలో రాజీనామా చేశారు. 2025 ఆగస్టులో తిరువనంతపురంలో జరిగిన సినిమా విధాన సదస్సులో, ప్రభుత్వ నిధులతో సినిమా తీసే ఎస్సీ, ఎస్టీ, మహిళా దర్శకులకు ముందు శిక్షణ ఇవ్వాలన్నారు. సభలోనే కొందరు ఆ మాటకు అభ్యంతరం చెప్పారు, బయట తీవ్ర విమర్శలొచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదే. శిక్షణ మంచిదే అయితే అందరికీ మంచిదే, కొందరినే వేరు చేసి చెప్పడం ఎందుకు? రాజమ్మను, తొమ్మిని అంత దగ్గరగా చూసిన మనిషి నోటి నుంచి ఆ మాట రావడం నన్ను బాధపెట్టింది. అయినా ఆ సినిమాలు నాకు దూరం కాలేదు.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

'మతిలుకళ్'తో. రెండు గంటలు ఉంటుంది, కథ తేలిగ్గా అందుతుంది, మమ్ముట్టి తెలిసిన ముఖం. తర్వాత 'విధేయన్'. అప్పటికి ఆయన నడక అలవాటవుతుంది, అప్పుడు 'ఎలిప్పత్తాయం' పెట్టుకోండి. 'అనంతరం' మాత్రం ఆఖరున చూడండి, ఒకే కుర్రాడు తన కథను రెండు రకాలుగా చెప్తాడు, తొందరపడితే గందరగోళంగా అనిపిస్తుంది.

ఒక చిన్న సలహా. రాత్రి భోజనం చేసి నిద్రమత్తులో చూడొద్దు. నేను మొదటిసారి చూసింది ఆదివారం మధ్యాహ్నం, దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రాలు వేసే రోజుల్లో, అన్నం తిన్న వెంటనే. పావుగంటకే నిద్రపోయాను. లేచేసరికి తెర మీద ఎవరో అమ్మాయి ఎలుకల బోను పట్టుకుని చెరువు గట్టు మీద నడుస్తోంది, మా అమ్మ టీవీ ముందు కదలకుండా కూర్చుని ఉంది. "శారదమ్మరా, లేచి చూడు" అంది.